బహువర్ణ టూర్మలీన్ స్ఫటికాల సేకరణ: అలిపిరి కొండ నుంచి గూడూరు గనుల దాకా

ఒకే స్ఫటిక నిర్మాణాన్ని పంచుకుంటూ, రసాయన కూర్పులో మాత్రం ఒకదానితో ఒకటి విభేదించే ముప్పైకి పైగా ఖనిజాలను కలిపి ఖనిజశాస్త్రం టూర్మలీన్ వర్గంగా పరిగణిస్తుంది. సిలికాన్, ఆక్సిజన్‌లతో పాటు బోరాన్ కూడా వీటన్నిటిలో తప్పక ఉంటుంది. బరువులో దాదాపు పదో వంతు బోరాన్ ఆక్సైడే. మిగిలిన స్థానాలలో సోడియం, కాల్షియం, అల్యూమినియం, ఇనుము, మెగ్నీషియం, లిథియం, మాంగనీస్ వంటి మూలకాలలో ఏవి ఎంత మేరకు చేరాయన్న దాన్ని బట్టి ఖనిజం పేరూ రంగూ నిర్ణయమవుతాయి. ఇనుము అధికంగా గల నల్లని రకాన్ని షార్ల్ అని, మెగ్నీషియం అధికంగా గల గోధుమవన్నె రకాన్ని డ్రావైట్ అని, లిథియం చేరిన రంగుల రకాన్ని ఎల్బైట్ అని వ్యవహరిస్తారు. భూమిలో దొరికే టూర్మలీన్‌లో అత్యధిక భాగం షార్ల్ కాగా, సేకర్తలు పెద్ద ధర పెట్టి కొనే గులాబీ, ఆకుపచ్చ, నీలి వన్నెలు కలిసిన స్ఫటికాలు చాలావరకు ఎల్బైట్ జాతివి, కొద్ది మేరకు దానికి దగ్గరిదైన లిడికోటైట్ జాతివి.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి చూసినప్పుడు ఈ సేకరణ విషయంలో ఒక చిక్కు ఎదురవుతుంది. తిరుమల కొండ పాదంలోని అలిపిరికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని గూడూరు నుంచి ఉత్తరంగా సాగే నెల్లూరు అభ్రకపు పట్టీలో టూర్మలీన్‌కు కొరత లేదు. అయినా ఆ పట్టీ ప్రపంచంలోని రంగుల టూర్మలీన్ క్షేత్రాల జాబితాలోకి ఎన్నడూ ఎక్కలేదు. ఒకే ఖనిజ వర్గం ఒకచోట గని బయట పారబోసే చెత్తగానూ, మరొకచోట గాజు బీరువాలో దీపం కింద నిలిపే వస్తువుగానూ ఎందుకు మారుతుందో తెలుసుకోకుండా అరుదుతనాన్ని గురించి మాట్లాడటంలో అర్థం లేదు. రంగును మాత్రమే చూసి అరుదుతనాన్ని లెక్కకట్టే అలవాటు ఈ విషయంలో సేకర్తలను తప్పుదారి పట్టించిందని చెప్పడానికి తగినన్ని ఆధారాలున్నాయి.

టూర్మలీన్ స్ఫటికాన్ని గుర్తించడం కష్టం కాదు. నిలువుగా పొడవైన కడ్డీ ఆకారం, కడ్డీ పొడవునా సన్నని గీతలు, అడ్డంగా కోసి చూస్తే అంచులు ఉబ్బిన త్రిభుజం, మోస్ కొలమానంపై 7 నుంచి 7.5 దాకా కాఠిన్యం దీని గుర్తులు. దీని రెండు కొనలూ ఒకే తీరులో ముగియవు. ఒక కొన చదునుగా ఉంటే రెండోది మొనదేలి ఉండవచ్చు. నిర్మాణంలోని ఈ ఏకపక్షత వల్లనే, వేడి చేసినప్పుడు ఒక కొనపై ధన విద్యుదావేశం, రెండో కొనపై రుణ విద్యుదావేశం ఏర్పడతాయి. 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సింహళం నుంచి ఈ రాళ్లను యూరపుకు తీసుకుపోయిన డచ్చి వర్తకులు, వేడెక్కిన రాయి బూడిదను తనవైపు లాక్కోవడం గమనించి, దానితో పొగాకు గొట్టాలలోని బూడిదను తీసేవారు. వెలుతురును కూడా ఈ స్ఫటికం దిశను బట్టి వేర్వేరుగా పీల్చుకుంటుంది. పక్క నుంచి చూస్తే పారదర్శకంగా కనిపించే ఆకుపచ్చ కడ్డీ కొన వైపు నుంచి చూస్తే దాదాపు నల్లగా కనిపించడానికి కారణమైన ఈ లక్షణాన్ని ద్వివర్ణత అంటారు. ధ్రువిత కాంతిని అధ్యయనం చేయడానికి 19వ శతాబ్దపు భౌతికశాస్త్రజ్ఞులు సన్నని టూర్మలీన్ పలకలనే వాడారు.

బహువర్ణత్వం మాత్రం దీనికి భిన్నమైన సంగతి. అది చూసే దిశ వల్ల కలిగేది కాక, స్ఫటికం పెరిగిన క్రమంలో నిలిచిపోయినది. శిలాద్రవం చల్లబడి గ్రానైట్‌గా మారేటప్పుడు మామూలు ఖనిజాలలో ఇమడలేని బోరాన్, లిథియం, ఫ్లోరిన్, నీరు మిగులు ద్రవంలో పోగవుతాయి. ఆ ద్రవం చుట్టుపక్కల రాతి పగుళ్లలోకి చొరబడి ముతక పలుకులుగా గడ్డకడితే ఏర్పడే శిలను పెగ్మటైట్ అంటారు. టూర్మలీన్ పెరుగుతున్నంత సేపూ ఈ ద్రవపు కూర్పు మారుతూ ఉంటుంది. మొదట ఇనుము సమృద్ధిగా ఉన్నప్పుడు నల్లని మొదలు కడుతుంది. ఇనుము ఖర్చయిన తరువాత ఆకుపచ్చ, అదీ తరిగి మాంగనీస్ మిగిలినప్పుడు గులాబీ రంగు వస్తాయి. కొన్నిచోట్ల చివరి దశలో గోడ రాతి నుంచి ఇనుము మళ్లీ లోపలికి చేరి, గులాబీ గర్భాన్ని ఆకుపచ్చ తొక్కతో కప్పేస్తుంది. వర్తకంలో దీన్నే పుచ్చకాయ టూర్మలీన్ అంటారు. రంగులు కడ్డీ పొడవునా అంతస్తులుగా మారవచ్చు, కేంద్రం నుంచి అంచుకు వలయాలుగానూ మారవచ్చు. ఎల్బైట్‌కు పేరిచ్చిన ఇటలీ ద్వీపం ఎల్బాలో లేతరంగు కడ్డీలకు నల్లని కొనలు ఉండగా, మడగాస్కర్ లిడికోటైట్‌ను అడ్డంగా పలకలుగా కోస్తే త్రిభుజంలో త్రిభుజంగా పదుల కొద్దీ వన్నెల పొరలు బయటపడతాయి. గులాబీ రంగుకు మరో సహాయం కూడా కావలసి ఉంటుంది: చుట్టూ ఉన్న ఫెల్స్‌పార్, అభ్రకాలలోని పొటాషియం విడుదల చేసే సహజ రేడియోధార్మికత కోట్ల సంవత్సరాల పాటు తగిలితేనే మాంగనీస్ అయానులు ఆక్సీకరణ చెంది ఆ రంగును సంతరించుకుంటాయి.

రంగు ఏర్పడటంతోనే సేకరణకు పనికివచ్చే స్ఫటికం తయారు కాదు. గట్టి రాతిలో ఇరుక్కుని పెరిగిన ఎల్బైట్‌ను బయటికి తీసే ప్రయత్నంలోనే అది ముక్కలవుతుంది. స్ఫటికం తన ముఖాలన్నీ సంపూర్తిగా దిద్దుకోవాలంటే పెగ్మటైట్ నడుమ ఖాళీ జాగా ఉండాలి. శిలాద్రవం నుంచి నీరు, వాయువులు వేరుపడి బుడగలుగా చేరినప్పుడు మిగిలే ఈ గుల్లలు భూమి ఉపరితలానికి సాపేక్షంగా దగ్గరగా, ఒత్తిడి తక్కువగా ఉన్న లోతులలోనే నిలుస్తాయి. కాలిఫోర్నియాలోని సాన్‌డియాగో ప్రాంతం, బ్రెజిల్‌లోని మీనాస్ జెరాయిస్, అఫ్గానిస్తాన్‌లోని నూరిస్తాన్, మడగాస్కర్ ఈ రకం పెగ్మటైట్లకు ప్రసిద్ధి. రంగు, ఖాళీ జాగా, తరువాతి భూకదలికలలో విరగకుండా మిగలడం అనే మూడు షరతులూ ఒకేచోట కుదరడమే ఈ స్ఫటికాల అసలైన అరుదుతనం. వీటిలో రంగు అన్నది అంత అరుదైనదేమీ కాదు.

నెల్లూరు పట్టీ ఈ పరీక్షలో ఎక్కడ నిలుస్తుందో చూడాలి. వెలికొండలకు తూర్పున, గూడూరు నుంచి సంగం వైపు దాదాపు వంద కిలోమీటర్ల పొడవున సాగే నెల్లూరు షిస్టు శిలలలో (షిస్టు అంటే ఒత్తిడికి, వేడికి లోనై పొరలు పొరలుగా మారిన శిల) పెగ్మటైట్ అడ్డుగోడలు విస్తారంగా ఉన్నాయి. భూవిజ్ఞానుల వర్గీకరణ ప్రకారం ఇవి అభ్రకం ప్రధానంగా గల తరగతికి చెందుతాయి. ఈ తరగతి పెగ్మటైట్లు ఎక్కువ లోతులో, ఎక్కువ ఒత్తిడిలో గడ్డకడతాయి. అక్కడ నీరు బుడగలుగా విడిపోయే అవకాశం తక్కువ కనుక గుల్లలు ఏర్పడవు, లిథియం కూడా పెద్దగా పోగవదు. అదే లోతు, అదే నెమ్మది అభ్రకానికి అనుకూలించాయి. ఇనికుర్తి గనిలో బయటపడిన మస్కొవైట్ అభ్రకపు స్ఫటికం ఒక్కటే సుమారు 85 టన్నులు తూగిందని ఖనిజశాస్త్ర గ్రంథాలు నమోదు చేశాయి. ప్రపంచంలోని అతిపెద్ద స్ఫటికాల పట్టికలో నెల్లూరు పేరు చేరింది ఆ కారణంగానే. అంటే రంగుల టూర్మలీన్ ఇక్కడ దొరకకపోవడానికీ, ప్రపంచ ప్రసిద్ధమైన అభ్రకం దొరకడానికీ కారణం ఒకటే.

ఆ అభ్రకం 19వ శతాబ్దం చివర నుంచి వ్యాపార స్థాయిలో తవ్వకానికి వచ్చింది. భారతదేశపు అభ్రక నిక్షేపాలపై టి. హెచ్. హాలండ్ రాసిన సమగ్ర నివేదికను భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 1902లో ప్రచురించే నాటికే నెల్లూరు ఆకుపచ్చ ఛాయ గల అభ్రకానికి పేరుపడింది. రేడియో వాల్వులకూ, విద్యుత్ పరికరాలకూ అభ్రకపు రేకులు తప్పనిసరి కావడంతో రెండో ప్రపంచయుద్ధ కాలంలో గిరాకీ శిఖరానికి చేరింది. కార్మికుల సంక్షేమ నిధి కోసం 1946లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ట్రాన్సిస్టర్లు వాల్వులను తరిమివేశాక పరిశ్రమ కుంగిపోయింది. ఈ సుదీర్ఘ చరిత్రలో టూర్మలీన్‌కు దక్కిన స్థానం చాలా చిన్నది. రేకుల మధ్యకు చొచ్చుకువచ్చిన నల్లని సూదులు అభ్రకాన్ని చిల్లులు పొడిచి వెల తగ్గించేవి కనుక గనివారి దృష్టిలో అది దోషం. క్వార్ట్జ్, ఫెల్స్‌పార్‌లతో కలిసి డంపులోకి పోవలసినదే. బెరిల్, సమర్‌స్కైట్, కొలంబైట్-టాంటలైట్ వంటి ఖనిజాలకైనా అణుశక్తి అవసరాల పుణ్యమా అని గుర్తింపు వచ్చింది గానీ షార్ల్‌ను అడిగినవారు లేరు.

అలిపిరి దగ్గరి నేల కథ వేరు. కొండ పాదంలో అతి ప్రాచీనమైన గ్రానైట్, దానిపై కడప శిలావర్గానికి చెందిన నగరి క్వార్ట్జైట్ (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడిన శిల) పరుచుకుని ఉన్నాయి. ఈ రెండింటి నడుమ కోట్ల సంవత్సరాల విరామాన్ని సూచించే సంధిని ఘాట్‌రోడ్డు కోతలలో స్పష్టంగా చూడవచ్చు. ఎపార్కియన్ విషమవిన్యాసం అని పిలిచే ఈ సంధినీ, కొండపైని శిలాతోరణాన్నీ భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలాలుగా ప్రకటించింది. ఇక్కడ చేతికి అందే టూర్మలీన్ స్ఫటికాల కోసం వెదకడం వృథా. అయితే జిర్కాన్, టూర్మలీన్, రూటైల్ అనే మూడు ఖనిజాలు అరుగుదలను, రసాయన క్షయాన్ని తట్టుకోవడంలో మేటి కనుక, ఎన్నోసార్లు కొట్టుకుపోయి మళ్లీ పేరుకున్న ఇసుకలలో భారఖనిజాలుగా చివరికి అవే మిగులుతాయి. ఒక ఇసుకరాయి ఎంత మేరకు నలిగిందో ఈ మూడింటి పాలును బట్టి అంచనా వేసే పద్ధతి 1962 నుంచి వాడుకలో ఉంది. ఈ తరహా క్వార్ట్జైట్‌ను పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద తిప్పినప్పుడు గుండ్రని టూర్మలీన్ రేణువులు తమ ద్వివర్ణతతో బయటపడతాయి. వాటిని బీరువాలో పెట్టలేరు. సేకరణ అంటే పలకలు, గాజు స్లైడ్లు కూడా అని అంగీకరించే సేకర్తకు మాత్రం అవి విలువైనవే.

దేశంలో రంగుల టూర్మలీన్ కోసం తెలుగు సేకర్త ముందుగా చూడవలసినది పొరుగునే ఉన్న ఒడిశా. బలంగీర్, సోన్‌పూర్ జిల్లాల పెగ్మటైట్లలో ఆకుపచ్చ, గులాబీ రకాలు దొరుకుతాయి. కాశ్మీరపు పాడర్ లోయలో నీలాలతో పాటు రంగు టూర్మలీన్ బయటపడినట్టు 19వ శతాబ్దం నుంచీ నమోదైంది. ఇవి ఎక్కువగా సానపట్టే రాళ్లుగా జైపూర్ చేరతాయి. కొనలు చెడకుండా, పుట్టిన రాతితో సహా బయటికి వచ్చే నమూనాలు బహు తక్కువ. రాయిని సానపట్టి నగలో పొదగడమే దాని పరమార్థమని భావించే వర్తక సంస్కృతిలో స్ఫటికాన్ని ఉన్నది ఉన్నట్టుగా కాపాడే ఆలోచనకు చోటు దొరకలేదు.

యూరపు, అమెరికాలలో ఈ ఆలోచన ఎప్పుడో స్థిరపడింది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1820లో ఇద్దరు యువకులు ఒక కొండపై ఆకుపచ్చని స్ఫటికం చూడటంతో మొదలైన మౌంట్ మైకా తవ్వకాలు రత్నాల కోసం ఎంతగానో, నమూనాల కోసమూ అంతగా సాగాయి. 20వ శతాబ్దపు మొదటి దశకంలో సాన్‌డియాగో గనుల గులాబీ టూర్మలీన్‌కు చైనా రాణి ట్సూషీ ఆస్థానమే పెద్ద ఖాతాదారు; క్వింగ్ వంశం 1912లో పతనం కాగానే ఆ గనులు కూడా చతికిలబడ్డాయి. అదే ప్రాంతంలోని టూర్మలీన్ క్వీన్ గనిలో 1972లో ఒక గుల్ల నుంచి గులాబీ కడ్డీలపై నీలి టోపీలు పెట్టినట్టున్న స్ఫటికాలు బయటపడినప్పుడు వాటిని కోయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. వాటిలో మేలైనవాటిలో ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలకు చేరింది. ఆ అరవై ఏళ్లలో విపణి దృష్టి రాతి నుంచి స్ఫటికం మీదికి మళ్లిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 1980ల చివర బ్రెజిల్‌లోని పరాయిబాలో రాగి వల్ల ఏర్పడిన మెరుపునీలం రకం దొరకడంతో విపణి మళ్లీ రంగు వైపే మొగ్గింది.

తెలుగునాట రత్నాల పట్ల ఆసక్తి లేకపోలేదు. దాని దారి వేరు. వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాలలో తొలకరి వానలు పడగానే ఎర్రనేలల్లో వజ్రాల కోసం వెదికే అలవాటు నేటికీ సాగుతోంది. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్ట గార్నెట్లు పూర్వకాలంలో సముద్రాలు దాటి వెళ్లాయని పరిశోధకులు చూపారు. ఈ రెండు సందర్భాలలోనూ రాయి దొరికినవాని చేతిలో ఆగదు. ఇంట్లో నిలిచే రాళ్లు నవరత్నాలు. ఆ తొమ్మిదింటిలో టూర్మలీన్ లేదు. గ్రహాలతో ముడిపడిన ఆ పట్టికలో చోటు దొరకని రాయి పచ్చకు, కెంపుకు బదులుగా మాత్రమే చెలామణి అయింది. రెండు రంగులున్న ముక్క ఆ బదులుకు కూడా పనికిరాదు కనుక, ఇతర దేశాలవారు వెదికి పట్టుకునే గుణమే ఇక్కడ లోపమైంది.

రసశాస్త్రం ఈ నియమానికి మినహాయింపని కొందరు వాదిస్తారు. మధ్యయుగపు రసగ్రంథాలు మహారసాలలో లెక్కించి, వజ్రానికి ప్రతినిధిగా వాడమన్న వైక్రాంతం టూర్మలీనేనని ఆయుర్వేద ఔషధ తయారీలో ఒక సమ్మతి ఏర్పడింది. రసరత్నసముచ్చయం వైక్రాంతానికి చెప్పిన ఎనిమిది వర్ణాలలో చిత్రవర్ణం, అంటే పలు రంగులు కలిసినది, ఒకటి. బహువర్ణ టూర్మలీన్‌కు ఇది పాత ప్రమాణమని సంతోషించడం సహజం. అయితే అదే గ్రంథం ఎనిమిది ఫలకాలు, ఆరు కోణాలు అని కూడా లక్షణం చెప్పింది. ఎనిమిది ముఖాలు, ఆరు శీర్షాలు ఉండేది అష్టఫలకానికి. వజ్రానికీ, ఫ్లోరైట్‌కూ సరిపోయే ఆ లెక్క మూడు పలకల కడ్డీ అయిన టూర్మలీన్‌కు ఏ విధంగానూ పొసగదు. ఫ్లోరైట్‌లోనూ పలు రంగుల పట్టీలుంటాయి కనుక వర్ణ ప్రమాణం కూడా ఒక పక్షానికే సాక్ష్యం చెప్పదు. ఈ గుర్తింపును సందేహంతో స్వీకరించడమే న్యాయం.

ఈ పరిస్థితులలో తిరుపతిలోని సేకర్త రంగుల స్ఫటికం విషయంలో తవ్వేవాడుగా కాక కొనేవాడుగానే ఉంటాడు. ఎక్కడో నూరిస్తాన్‌లో పుట్టి నాలుగు చేతులు మారి వచ్చిన వస్తువును పరీక్షించడం అతని ప్రధాన విద్య కావాలి. పోల్చదగిన రెండు స్ఫటికాలలో ధరను నిర్ణయించేవి కొన పూర్తిగా ఉండటం, ముఖాల మెరుపు, రంగుల హద్దు తేటగా ఉండటం, తెల్లని ఫెల్స్‌పార్ లేదా ఊదారంగు లెపిడోలైట్ పీఠంపై నిలిచి ఉండటం. టూర్మలీన్ గుల్లలోనే అడ్డంగా విరగడం మామూలు కాబట్టి, విరిగిన ముక్కలను జిగురుతో అతికించడం వర్తకంలో అంగీకృతమే, చెప్పి అమ్మినంత వరకు. చెప్పకుండా అతికించినదానిని అతినీలలోహిత దీపం కింద చూస్తే జిగురు గీత చాలాసార్లు వెలుగుతుంది. వేర్వేరు స్ఫటికాలను జతచేసి రెండు రంగుల కడ్డీగా చూపితే, నిలువు గీతలు ఆ అతుకు దగ్గర ఒకదానికొకటి కలవవు. గాజుతో చేసిన పుచ్చకాయ పలకలలో గాలిబుడగలు కనిపిస్తాయి. అసలు టూర్మలీన్ వక్రీభవన గుణకాలు సుమారు 1.62, 1.64 కాగా, రెండింటి మధ్య తేడా స్పష్టంగా కొలవగలిగినది. గాజుకు ఒకే అంకె వస్తుంది. కృత్రిమంగా పెంచిన రత్నస్థాయి టూర్మలీన్ విపణిలో లేదన్నది ఊరటనిచ్చే విషయం. అయితే పాలిపోయిన స్ఫటికాన్ని గామా కిరణాలకు గురిచేసి గులాబీ రంగు తెప్పిస్తే, భూమి కోట్ల ఏళ్లలో చేసిన పనినే అది వేగంగా చేసినట్టు కనుక, ప్రయోగశాల కూడా తేడా చెప్పలేదు. రంగుకే ధర చెల్లించే పద్ధతిలోని బలహీనత ఇక్కడ బట్టబయలవుతుంది. మార్చలేనివి స్ఫటికపు ఆకృతి, అమ్మేవారు అబద్ధమాడకపోతే అది దొరికిన చోటు.

స్వయంగా సేకరించాలనుకునేవారికి చట్టం విధించిన హద్దులు కఠినమైనవి. అలిపిరి పైనున్న అడవులు శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోనూ, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ పరిధిలోనూ ఉన్నాయి. అక్కడ రాయిని కదిలించడం కూడదు. నెల్లూరు పట్టీలో ఖనిజం లీజుదారుకు, ప్రభుత్వానికి చెందినది. 2015లో చిన్నతరహా ఖనిజాలుగా మార్చిన అభ్రకం, క్వార్ట్జ్, ఫెల్స్‌పార్‌లను కేంద్రం 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజాలుగా ప్రకటించింది. అనుమతి పొందిన విద్యాయాత్రల ద్వారా, లీజుదారు ఒప్పుకోలుతో, డంపు పైనుంచి ఏరుకోవడం ఒక్కటే సక్రమమైన దారి. భూవారసత్వ స్థలాలు, భూఅవశేషాల రక్షణకు 2022లో వెలువరించిన ముసాయిదా బిల్లు చట్టమై ఉంటే ఇటువంటి నమూనాల స్థితి మరింత తేటపడేది.

ఏరదగినవి ఏమిటి అన్న ప్రశ్నకు రంగుల మోజు లేని సమాధానం ఉంది. అభ్రకపు రేకుల మధ్య చదునుగా అణగి పెరిగిన నల్ల టూర్మలీన్, క్వార్ట్జ్‌లో నిలువునా దిగబడిన షార్ల్ కడ్డీ, అడ్డంగా విరిగి ఆ పగులులో మళ్లీ క్వార్ట్జ్ నిండిన కడ్డీ, ఇవి అధిక ఒత్తిడి పెగ్మటైట్ చరిత్రను చెప్పగల నమూనాలు. బ్రెజిల్ గులాబీ స్ఫటికాన్ని డబ్బున్న ఎవరైనా తెప్పించుకోగలరు. తెల్లబోడు, పాలమణి, కలిచేడు, షా గనుల పేర్లు రాసిన చీటీతో ఉన్న షార్ల్‌ను ఏ విదేశీ వర్తకుడూ సమకూర్చలేడు. బాల్యం విశాఖపట్నంలో గడిపిన సి. వి. రామన్ బెంగళూరులోని తన సంస్థలో స్ఫటికాలను, ఖనిజాలను కూర్చినప్పుడు విపణి ధర ఆయనకు ప్రమాణం కాలేదు; వెలుతురుతో రాయి ఏం చేస్తుందన్నదే ఆయన ఎంపికకు కొలబద్ద. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఆంధ్ర విశ్వవిద్యాలయాల భూవిజ్ఞాన శాఖలు బోధన కోసం కూర్చుకునే నమూనాలకు కూడా ఇదే దృష్టి తగినది.

ఇటీవలి సంవత్సరాలలో క్వార్ట్జ్‌కు పెరిగిన ఎగుమతి గిరాకీ వల్ల సైదాపురం, గూడూరు పరిసరాలలోని పాత అభ్రకపు డంపులను యంత్రాలతో తిరగేసి తెల్లరాయిని ఏరి తరలిస్తున్నారు. నల్లని సూదులున్న రాళ్లు ఆ వ్యాపారానికి పనికిరావు కనుక పక్కకు పడతాయి, ఏ గనిలోనివో తెలిపే ఆనవాలు మాత్రం ఆ కలగాపులగంలో చెడిపోతుంది. గని పేరు, ఊరు, మండలం, దొరికిన తేదీ, పక్కనున్న ఖనిజాలు రాసిన చిన్న చీటీ ఆ రాయికి జతపడవలసినది డంపు కదలకముందే. పాత గనుల హద్దులను చూపగలిగిన అభ్రకపు గని కార్మికుల తరం ఇంకా గూడూరు, రాపూరు గ్రామాలలో ఉన్నంతలోనే ఆ పని సాధ్యం.